నాలుగుసార్లు గేటు ముట్టుకుంటే నాన్న క్షేమం: ఓసీడీ వైద్యం కథ

ఈ ఎపిసోడ్ మా ఇంటి గేటు దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి వియన్నా, లండన్, శ్రీలంక దాకా వెళ్లి, మళ్లీ అదే గేటు దగ్గరికి వస్తుంది. కొంచెం ఓపిగ్గా వినండి.

మాది ఉక్కునగరం. నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవారు. అక్కడ పెరిగిన పిల్లలకి గడియారంతో పనిలేదు, షిఫ్టులే గడియారం. పొద్దున్న ఆరుకి ఏ షిఫ్టు, మధ్యాహ్నం రెండుకి బీ షిఫ్టు, రాత్రి పదికి సీ షిఫ్టు. నాన్నకి సీ షిఫ్టు ఉన్న రోజు తొమ్మిదింపావుకల్లా టిఫిన్ క్యారేజీ రెడీ. స్కూటర్ సందు మలుపు తిరిగేదాకా అమ్మ, నేను గేటు దగ్గర నిలబడేవాళ్లం.

2012 జూన్‌లో ప్లాంట్‌లో పెద్ద పేలుడు జరిగింది. చాలామంది చనిపోయారు. మా టౌన్‌షిప్ అంతా మూగబోయింది. నాన్నకి ఏమీ కాలేదు, ఆ టైమ్‌లో ఆయన ఇంట్లోనే ఉన్నారు. నాకప్పుడు పదిహేనేళ్లు.

ఆ తర్వాత కొన్ని వారాలకి, ఒక రాత్రి నాన్న స్కూటర్ మలుపు తిరిగాక, నా మనసులోకి ఒక మాట వచ్చింది: "గేటు నాలుగుసార్లు ముట్టుకో. లేకపోతే నాన్న తిరిగి రారు." ముట్టుకున్నాను. ప్రాణం కుదుటపడింది. మర్నాడు నాన్న వచ్చేశారు. అంటే పనిచేసినట్టే కదా!

అక్కడే ఇరుక్కుపోయాను. నాలుగు కాస్తా నాలుగు నాలుగులు పదహారు అయింది. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి. తర్వాత గ్యాస్ స్టవ్ నాబ్, తర్వాత లైటు స్విచ్చి. ఇంటర్ పరీక్షలప్పుడు గేటు దగ్గర గంటన్నర గడిపిన రోజులున్నాయి. ఇదంతా అర్థంలేని పని అని నాకు తెలుసు. తెలిసి కూడా ఆపలేకపోవడం, దాన్ని మించిన నరకం లేదు.

మా అమ్మమ్మ దానికి పెట్టిన పేరు చాదస్తం. "వీడికి వాళ్ల తాత చాదస్తం వచ్చింది" అనేది నవ్వుతూ. మన భాషలో ఈ మాట ఎంత మందిని దాచేసిందో ఆలోచించండి. చేతులు కడిగి కడిగి తోలు ఊడిపోయిన పిన్ని, తలుపు తాళం పదిసార్లు లాగి చూసే మావయ్య, పేజీ తిప్పలేక అదే లైను మళ్లీ మళ్లీ చదివే అన్నయ్య... అందరికీ ఒకటే లేబుల్. చాదస్తానికి డాక్టరు ఎందుకు?

దీని అసలు పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ. వద్దన్నా వచ్చి పడే ఆలోచన, అది తెచ్చే భయం, ఆ భయం తగ్గడానికి చేసే పని, కాసేపు ఊరట, మళ్లీ అదే ఆలోచన. ఇది ఒక గుండ్రం. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 0.8 శాతం మందికి ఇది ఉంది. అంటే రమారమి 125 మందిలో ఒకరు. మీ కాలేజీలో రెండు సెక్షన్లు కలిపితే ఒకరన్నమాట.

మరి వైద్యం? విశాఖలో మానసిక వైద్యం కొత్తదేం కాదు. వాల్తేరులో 1870ల నాటికే బ్రిటిష్ వాళ్ల మెంటల్ అసైలం ఉంది. ఇవాళ చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆ వారసత్వమే. కానీ అసైలం అంటే అప్పట్లో వైద్యం కన్నా నిర్బంధమే ఎక్కువ. 1912 నాటి ఇండియన్ లూనసీ యాక్ట్ కింద మనుషుల్ని లోపల పెట్టడానికి మెజిస్ట్రేట్ ఆర్డర్లు ఉండేవి. ఊళ్లో దాన్ని "పిచ్చాసుపత్రి" అనేవారు. ఓసీడీ ఉన్న మనిషి పైకి మామూలుగా ఉంటాడు, ఉద్యోగం చేస్తాడు, తన ఆలోచన తప్పని తనకే తెలుసు. అలాంటివాడు ఆ గేటు లోపలికి ఎందుకు వెళ్తాడు? వెళ్తే ఊరేమంటుంది? అందుకే ఈ జబ్బు తరాల తరబడి ఇళ్లల్లోనే, వంటింటి కుళాయి దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు వియన్నా వెళ్దాం. 1907. సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గరికి ఒక యువ లాయర్ వచ్చాడు. తన తండ్రికి, తను ప్రేమించిన అమ్మాయికి ఎలుకలతో చేసే ఒక ఘోరమైన హింస జరుగుతుందేమోనని అతని భయం. విషయమేమిటంటే, అప్పటికే ఆ తండ్రి చనిపోయి చాలా ఏళ్లయింది! ఒకరోజు రోడ్డు మీద రాయి కనిపించింది. ఆ అమ్మాయి బండి అటే వస్తుంది, రాయి తగిలి ఏమైనా అవుతుందేమోనని దాన్ని తీసి పక్కన పెట్టాడు. కాసేపటికి "ఇదేం పిచ్చి" అనుకుని, వెనక్కెళ్లి రాయిని మళ్లీ రోడ్డు మధ్యలో పెట్టాడు.

నేను ఈ కథ మొదటిసారి చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టేశాను. వందేళ్ల క్రితం, వేరే ఖండంలో, ఎవరో నా గేటునే ముట్టుకున్నట్టు అనిపించింది.

ఫ్రాయిడ్ 1909లో ఈ కేసు ప్రచురించాడు. "ర్యాట్ మ్యాన్" పేరుతో ప్రపంచమంతా చదివింది. ఆయన అడిగిన ప్రశ్న: ఈ ఆలోచన ఎందుకు వచ్చింది? దీని వెనక చిన్నప్పటి ఏ కోపం, ఏ కోరిక దాగి ఉంది? మన దేశంలో కూడా గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు. మనిషిని సంకెళ్లు వేయకుండా, కూర్చోబెట్టి, చెప్పేది వినడం... అసైలంతో పోలిస్తే అది పెద్ద అడుగే. కానీ ఓసీడీ దగ్గర ఈ పద్ధతి పెద్దగా పారలేదు. ఎందుకు వచ్చిందో ఏళ్ల తరబడి తవ్వినా, చేతులు కడగడం మాత్రం ఆగేది కాదు. నిజానికి ఓసీడీ ఉన్నవాడికి "ఎందుకు? ఎందుకు?" అని తవ్వడమే ఇంకో చాదస్తమయ్యే ప్రమాదం ఉంది. నాకైతే అలాగే అయింది.

1950లు, 60లు వచ్చేసరికి డాక్టర్లు దాదాపు చేతులెత్తేశారు. తీవ్రంగా ఉన్న కొందరికి మెదడులో నరాల దారులు తెంపే ల్యూకాటమీ ఆపరేషన్ కూడా చేశారు. ఆ ఆపరేషన్ మొదలుపెట్టిన ఎగాస్ మోనిజ్‌కి 1949లో నోబెల్ బహుమతి వచ్చిందంటే అప్పటి నిస్సహాయత ఎంతటిదో అర్థం చేసుకోండి.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఊరు లండన్, మిడిల్‌సెక్స్ హాస్పిటల్. సైకాలజిస్టు పేరు విక్టర్ మేయర్. 1966లో ఆయన రెండు కేసుల రిపోర్టు ఒకటి ప్రచురించాడు. అందులో ఒకరు స్కూల్ టీచర్. మురికి అంటే భయం, రోజంతా కడుక్కోవడమే.

మేయర్ ప్రశ్న మార్చాడు. ఆలోచన ఎందుకొచ్చిందన్నది పక్కన పెట్టాడు. ఆలోచన వచ్చాక నువ్వేం చేస్తున్నావు, అది చేయకపోతే ఏమవుతుంది అని అడిగాడు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి అప్పటికే తెలుసు. భయపడ్డ జంతువు ప్రతిసారీ పారిపోతే, అక్కడ ప్రమాదం లేదని దానికి ఎప్పటికీ తెలియదు. పారిపోకుండా అక్కడే ఉంటే మెల్లగా భయం చస్తుంది. చేతులు కడుక్కోవడం కూడా పారిపోవడమే కదా!

దాంతో ఆమెను ఆసుపత్రిలో ఉంచి, ఆమె భయపడే వస్తువుల్నే ముట్టుకోమన్నారు. తర్వాత కడుక్కోకుండా నర్సులు తోడుండి చూసుకున్నారు. గదిలో కుళాయిల నీళ్లు కూడా ఆపేశారు. వినడానికి క్రూరంగా ఉంది కదూ? కానీ ఆమెలో మార్పు వచ్చింది. 1974లో మేయర్ బృందం మొత్తం పదిహేను మంది వివరాలు ఇచ్చింది. అందులో పదిమంది బాగా కోలుకున్నారు, మిగిలినవాళ్లకి కొంత మేలు జరిగింది. అంతకు ముందు దాదాపు నయం కాదనుకున్న జబ్బు ఇది!

ఆ తర్వాత లండన్ మాడ్‌స్లీ హాస్పిటల్, దాని పక్కనున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో స్టాన్లీ రాక్‌మన్, రే హాడ్జ్‌సన్, ఐజాక్ మార్క్స్ ఈ పద్ధతిని పరీక్షలకి పెట్టారు. 1976లో రాక్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఓసీడీ ఉన్నవాళ్లకి వాళ్ల భయాన్ని రేపారు. కడగకుండా, చెక్ చేయకుండా ఊరికే ఉండమన్నారు. మధ్యమధ్యలో ఆత్రం ఎంత ఉందో కొలిచారు. చూడండి, స్క్రీన్ మీద ఈ గీత. మొదట నిట్టనిలువుగా పైకి లేస్తుంది. తర్వాత? దానంతట అదే దిగుతుంది. మొదటి గంటలోనే చాలావరకు తగ్గిపోయింది. ఎవరూ గేటు ముట్టుకోలేదు, ఎవరూ చేతులు కడగలేదు. సముద్రం ఒడ్డున ఉన్న మనకి ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? కెరటం ఎంత ఎత్తు లేచినా విరగాల్సిందే.

ఈ వైద్యాన్ని ఇప్పుడు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ అంటారు. భయానికి ఎదురు నిలబడటం, అలవాటైన పని చేయకుండా ఆగడం. ఇప్పుడు కుళాయిలు కట్టేయడాలు లేవు. పేషెంటే తన భయాల నిచ్చెన రాసుకుంటాడు, కింది మెట్టు నుంచి ఎక్కుతాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1978లో రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే శ్రీలంక సైకాలజిస్టు కలిసి, ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగారు: మీకెప్పుడైనా పిచ్చి పిచ్చి ఆలోచనలు, ఎవరికైనా హాని చేస్తానేమో లాంటివి వస్తాయా అని. దాదాపు 80 శాతం మంది వస్తాయన్నారు! ఆలోచన అందరికీ వస్తుంది. మామూలు మనిషి "ఛీ, ఇదేంటి" అనుకుని టీ తాగడానికి పోతాడు. ఓసీడీ ఉన్నవాడు దాన్ని కోర్టు సమనులా పట్టుకుంటాడు. 1985లో పాల్ సాల్కోవ్‌స్కిస్ అక్కడే వేలు పెట్టాడు: అసలు బరువు ఆలోచనది కాదు, "ఏమైనా జరిగితే బాధ్యత నాదే" అనే నమ్మకానిది. నా విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. ఇన్ని వేల మంది పనిచేసే ప్లాంట్‌లో నాన్న ప్రాణం నా వేళ్ల మీద ఉందని నేను నమ్మాను.

పద్మల్ డి సిల్వా గురించి ఇంకో ముక్క. ఆయన బౌద్ధ పాళీ గ్రంథాలు చదివి, అక్కర్లేని ఆలోచనలు వస్తే ఏం చేయాలో బుద్ధుడి బోధల్లో ఉన్న పద్ధతుల్ని ఈ కొత్త వైద్యంతో పోల్చి వ్యాసాలు రాశారు. వితక్కసంఠాన సుత్తంలో ఐదు మార్గాలున్నాయి. వాటిలో ఒకటి, ఆ ఆలోచనని పట్టించుకోకుండా వదిలేయడం. మా ఉక్కునగరం నుంచి అనకాపల్లి వైపు వెళ్తే బొజ్జన్నకొండ వస్తుంది. కొండని తొలిచి కట్టిన బౌద్ధ గుహలు. స్కూల్ పిక్నిక్‌లో అక్కడ మెట్లు లెక్కపెట్టుకుంటూ, లెక్క తప్పితే కిందికి దిగి మళ్లీ ఎక్కుతూ నేను గడిపిన మధ్యాహ్నం గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. నాకు కావలసిన మాట తెలిసిన భిక్షువులు ఒకప్పుడు ఆ కొండ మీదే నడిచి ఉంటారు.

అదే సుత్తంలో ఆఖరి మార్గం, పళ్లు బిగబట్టి ఆలోచనని అణచేయడం. దీని విషయంలో మాత్రం జాగ్రత్త. మన ఊళ్లల్లో కథ తెలుసు కదా, మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని వైద్యుడు చెప్తే, ఇక రోగికి కోతి తప్ప ఇంకేం గుర్తురాలేదట. 1987లో డేనియల్ వెగ్నర్ అమెరికాలో స్టూడెంట్లకి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి చూశాడు. ఫలితం మన కోతి కథే. అందుకే "ఆ ఆలోచన మానెయ్యి" అనే సలహా ఓసీడీకి పనికిరాదు. ఆలోచనని రానివ్వాలి. పనిని మాత్రం ఆపాలి.

మందుల సంగతి కూడా చెప్పాలి. క్లోమిప్రమైన్ అనే మందుకి 1989లో అమెరికాలో ఓసీడీ కోసం అనుమతి వచ్చింది. తర్వాత ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు వచ్చాయి. ఎడ్నా ఫోవా బృందం 2005లో ప్రచురించిన పరీక్షలో, ఒక్క క్లోమిప్రమైన్ వాడినవాళ్ల కన్నా ఈఆర్‌పీ చేసినవాళ్లకి ఎక్కువ మేలు జరిగింది. అంతమాత్రాన ఎవరూ మందులు సొంతంగా ఆపేయొద్దు. చాలామందికి రెండూ కలిపి కావాలి. ఈఆర్‌పీ కూడా అందరికీ పూర్తిగా పనిచేయదు, భయం తట్టుకోలేక మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పుకోవాలి కదా.

సరే, మళ్లీ మా గేటు దగ్గరికి.

2019లో, ఏడేళ్ల తర్వాత, సిటీలో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. అంతకు ముందు తాయెత్తు కట్టించారు, ఊరు మారిస్తే తగ్గుతుందన్నారు, "ధైర్యంగా ఉండు" అన్నారు. ఆవిడ ఇవేం అనలేదు. నాన్నని, అమ్మని కూడా రమ్మన్నారు. "బాబు అడిగినప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగారు.

నాన్న చెప్పారు. ప్లాంట్‌కి చేరగానే ఫోన్ చేస్తారు. అర్ధరాత్రి ఇంకోసారి. పొద్దున్న బయల్దేరేముందు ఇంకోసారి. ఏడేళ్లుగా. అమ్మయితే రాత్రికి ఇరవైసార్లు "ఏం కాదులేరా" అనేది. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. ఆ "ఏం కాదులేరా" కూడా నాకు గేటు లాంటిదే. విన్న కాసేపు ఊరట, మళ్లీ అడగాలి. మా ఇంట్లో ముగ్గురం కలిసి నా ఓసీడీకి అన్నం పెట్టామన్నమాట.

ఇది వాళ్లకి ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. నాన్నే దారి చూపించారు. ఆయనది మెయింటెనెన్స్. మిషన్ ఆపి రిపేర్ చేసేటప్పుడు స్విచ్‌కి తాళం వేసి, ట్యాగ్ కట్టి, కరెంటు లేదని చూసుకుని, సంతకం పెట్టి పనిలోకి దిగుతారు. "మేమూ చెక్ చేస్తామమ్మా. ప్రాణం దాని మీదే ఉంటాది. కానీ చూస్తాం, సంతకం పెడతాం, అయిపోద్ది. సంతకం పెట్టినాక మళ్లీ మళ్లీ ఎల్లి చూస్తే పనెవడు చేస్తాడు?" అన్నారు. సైకాలజిస్టు పెన్ను కింద పెట్టి, "అంతేనండి. మీ అబ్బాయి చెకింగ్‌కి సంతకం లేదు" అన్నారు. అవసరమైన జాగ్రత్తకి ఒక ముగింపు ఉంటుంది. ఓసీడీకి అది ఉండదు. పుస్తకాల్లో చదివిన దానికన్నా ఈ మాటే నాకు ఎక్కువ అర్థమైంది.

మేం నిచ్చెన రాసుకున్నాం. కింది మెట్టు, లైటు స్విచ్చి ఒక్కసారే వేయడం. పై మెట్టు, నాన్న సీ షిఫ్టుకి వెళ్లాక గేటు ముట్టుకోకపోవడం, నాన్న ఫోన్ చేయకపోవడం. ఆ పై మెట్టు చేరడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక కాగితం మీద "ఈ రాత్రి ఏమైనా జరగొచ్చు, నాకు తెలీదు" అని రాసి జేబులో పెట్టుకోమన్నారు. ఆ రాత్రి స్కూటర్ మలుపు తిరిగింది. నేను గేటుకి అడుగు దూరంలో, చేతులు కట్టుకుని నిలబడ్డాను. గుండె దడదడ. చొక్కా తడిసిపోయింది. పదకొండు దాటింది. అమ్మ నోరు తెరవబోయి, ఆగి, లోపలికెళ్లి గిన్నెలు సర్దడం మొదలెట్టింది. సర్దిన గిన్నెలే మళ్లీ సర్దింది పాపం. పదకొండున్నర దాటాక చూసుకుంటే, రాక్‌మన్ గీత నా ఒంట్లోనే దిగుతోంది. పన్నెండింటికి నిద్రపోయాను.

పొద్దున్న నాన్న వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. టీ తాగుతూ చెప్పారు: "రాత్రి మూడుసార్లు ఫోన్ తీసి జేబులో ఎట్టేసినానురా." ఆయన గేటు ఆయనకీ ఉందన్నమాట. ఆ రాత్రి మా ఇంట్లో ఈఆర్‌పీ చేసింది నేనొక్కణ్ణే కాదు.

ఇప్పుడు నాకు ఓసీడీ పూర్తిగా పోయిందా అంటే, లేదు. పరీక్షలప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడు మెల్లగా తలుపు తడుతుంది. కానీ దాని పేరు నాకు తెలుసు, కెరటం విరుగుతుందని తెలుసు.

చూస్తున్న మీలో ఎవరికైనా ఇలా ఉంటే, మన కాలానికి రెండు మంచి విషయాలున్నాయి. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా చెప్పింది. 2022 అక్టోబర్ నుంచి టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. డాక్టరునో సైకాలజిస్టునో కలిసినప్పుడు "ఈఆర్‌పీ చేస్తారా అండీ?" అని అడగండి. అడిగితే తప్పేం లేదు.

ఇంట్లోవాళ్లకి ఒక్క మాట. ఈ వీడియో చూసి రేపొద్దున్నే కుళాయి కట్టేయకండి, తిట్టకండి. మేయర్ పేషెంట్లు ఒప్పుకుని, తోడు పెట్టుకుని చేశారు. మీరూ కూర్చుని మాట్లాడండి, నిచ్చెన కలిసి రాసుకోండి. "ఏం కాదులే" అనే బదులు "కష్టంగా ఉంది కదా, పక్కనే ఉంటాను" అనండి.

నాన్న కిందటేడాది రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెం దగ్గర అద్దెకి దిగాం. సామాన్లు లారీకెక్కించాక ఆఖరున ఆ గేటు నేనే వేశాను. ఒక్కసారి. గడియ పడిన చప్పుడు వినబడింది. వచ్చేశాం.

ఉంటాను ఫ్రెండ్స్. మీ ఇంట్లో "చాదస్తం" అని పిలిచే మనిషెవరైనా ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపే ముందు మీరొకసారి పూర్తిగా వినండి. మళ్లీ కలుద్దాం.